మామ భుజం

ఫిబ్రవరి 11

బావకి,

ఒంటి చేత్తో నమస్కారం. రెండో చేతిలో నీ కూతురుంది. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టుకోకు.

మీ కొండల్లో ఫోను పలకదు కాబట్టి ఉత్తరాలే గతి అంది అక్క. తనే రాద్దామని రెండుసార్లు కాగితం ముందేసుకుంది. రెండుసార్లూ కలం చేతిలో ఉండగానే నిద్రపోయింది. అందుకని ఇకనుంచి ఇంటి సంగతులు రాసే పని నాది. కంగారు పడాల్సిందేమీ లేదు, దాచాల్సిందీ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

అక్క ఆపరేషన్ కుట్లలో రెండు చీము పట్టాయి. మందులు వాడుతోంది. బరువులెత్తొద్దన్నారు, ఎక్కువసేపు నిలబడొద్దన్నారు. ఇక పిల్ల సంగతి. తాగిన పాలు తాగినట్టే కక్కేస్తోంది. పగలు ఫరవాలేదు, రాత్రయితే మాత్రం విల్లులా వెనక్కి విరుచుకుని, మొహం కందగడ్డ చేసుకుని, గుక్కపట్టి ఏడుపు. పడుకోబెట్టగానే మళ్ళీ మొదలు.

మొన్న పిల్లల డాక్టరమ్మకి చూపించాం. ఆవిడ దాని పొట్ట మీద రెండు వేళ్ళు ఆనించి చెప్పింది: "కడుపుకీ గొంతుకీ మధ్య ఒక తలుపుంటుందమ్మా. పుట్టిన పిల్లల్లో అది ఇంకా సరిగ్గా మూతపడదు. పాలు పైకి తంతాయి, గొంతు మండుతుంది. పెరిగేకొద్దీ అదే బిగుస్తుంది."

"అప్పటిదాకా?" అంది అక్క.

"కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టండి. తాగాక అరగంట నిటారుగా ఎత్తుకోండి. తర్వాత వెల్లకిలా, చదునుగా పడుకోబెట్టండి. బరువు పెరుగుతోందో లేదో నేను చూస్తుంటాను."

లెక్క వేసుకో బావా. రాత్రికి నాలుగుసార్లు పాలు, నాలుగు అరగంటలు నిటారుగా. అక్క నిలబడలేదు. నువ్వు పిల్ల పుట్టిన వారానికే వెళ్ళిపోయావు. మిగిలింది నేను. పది రోజులుండి పోదామని వచ్చినవాణ్ణి, నిన్న వెళ్ళి కుట్టు మిషను కూడా ఇక్కడికే తెచ్చేసుకున్నాను. రెడీమేడ్ షాపువాళ్ళు కాలర్లు ఇంటికే పంపుతామన్నారు. పగలు కాలర్లు, రాత్రి కక్కులమ్మ. అవును, దానికి నేను పెట్టిన పేరు అదే. రోజుకి నా చొక్కాలు ఏడు తడుపుతోంది మరి.

ఒక్క సంతోషం ఏంటంటే, మూడు రాత్రుల నుంచి నా భుజం మీద వేసుకుంటే చాలు, ఊరుకుంటోంది. అక్క దగ్గరైనా ఏడుస్తుంది కానీ నా దగ్గర మాత్రం ఏడవదు.

నీ బావమరిది


ఫిబ్రవరి 20

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరం గురువారం సరుకుల లారీలో వచ్చింది. మీ అక్క కుట్ల సంగతి చదివి అన్నం సహించలేదు. ఇక్కడ సొరంగంలో పైపులు అతికే పని సగంలో ఉంది, వెల్డర్లం నలుగురమే ఉన్నాం, వదలరు. వదిలితే ఈ క్షణం దిగి వచ్చేసేవాణ్ణి. ఆ మాట మీ అక్కకి గట్టిగా చెప్పు.

నువ్వు చేస్తున్నదానికి ఏమని రాయను? థాంక్స్ అంటే బావమరిదితో ఏంట్రా ఈ వేషాలు అంటావు. అందుకని అనడం లేదు.

కానీ రెండు మాటలు. ఒకటి, నా కూతుర్ని కక్కులమ్మ అనకు. చూడగానే నేను రాణీ అని పిలిచాను, అదే పిలవండి. రెండోది, నీ దగ్గర మాత్రం ఏడవదు అని రాశావు చూడు, అది చదివి మా మేస్త్రీ నవ్వాడు. ఐదుగురు పిల్లల తండ్రి ఆయన. "పిల్లలకి వాసన గుర్తయ్యా. ఎవడు ఎత్తుకుంటే వాడే వాళ్ళకి దేవుడు. నువ్వు వెళ్ళేసరికి నిన్ను చూసి పోలీసుని చూసినట్టు ఏడుస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

అందుకే ఈ లారీలో నా చొక్కా ఒకటి పంపుతున్నాను. రెండు రోజులు తొడుక్కున్నది. ఉతకొద్దు. రాత్రి దాన్ని ఎత్తుకునేటప్పుడు నీ భుజం మీద అది వేసుకో. నా వాసన అలవాటవుతుంది. ఇంతకంటే నిన్ను ఏమీ అడగను.

ఇంకో సంగతి. మేస్త్రీ వాళ్ళ ఆవిడ తలవైపు ఎత్తుగా ఉండే మంచం మీద పడుకోబెట్టేదట, పాలు కిందే ఉండేవట. ఇక్కడ చెక్కముక్కలకి కొదవ లేదు. పని అయ్యాక రాత్రిళ్ళు అలాంటి ఏటవాలు మంచం ఒకటి చేస్తున్నాను. దాంతో నీ భుజానికీ విశ్రాంతి.

బావ


మార్చి 1

బావకి,

చొక్కా అందింది. రోజూ వేసుకుంటున్నాను.

మంచం చెయ్యకు బావా. డాక్టరమ్మని అడిగాను. "ఏటవాలు వద్దే వద్దు. పిల్ల కిందికి జారుతుంది, గడ్డం గుండెకి ఆనుతుంది, ఊపిరి అందదు" అంది. చదునుగానే పడుకోబెట్టాలట, ఎత్తేదేదో చేతుల్లోనే ఎత్తాలట.

ఇప్పుడు కొత్త మార్గం కనిపెట్టాను. మూడో అంతస్తు నుంచి కిందికి మెట్లు నలభై రెండు. రాత్రి ఒంటిగంట పాలు అయ్యాక దాన్ని భుజాన వేసుకుని నెమ్మదిగా దిగుతాను, నెమ్మదిగా ఎక్కుతాను. గదిలో తిరిగితే ఊరుకోనిది మెట్ల మీద ఊరుకుంటుంది. కింది వాటాలో రిటైరైన డ్రాయింగు మాస్టారున్నాడు కదా, మొన్న తలుపు తీసి నిలబడ్డాడు.

"ఏంటయ్యా అర్ధరాత్రి ఈ ఊరేగింపు?"

"పాపకి పాలు దిగట్లేదండీ."

"పాలు దిగాలంటే నువ్వు దిగాలా?" అని విసుక్కుని తలుపేసుకున్నాడు. మర్నాడు రాత్రి చూస్తే ఆయన వాటా ముందు లైటు వేసి ఉంది. మెట్లు కనబడ్డానికన్నమాట. అడిగితే మర్చిపోయానన్నాడు.

అసలు సంగతి చివరికి దాచాను. నిన్న తెల్లవారుజామున నవ్వింది! నిద్దట్లో నవ్వు కాదు. భుజం మీంచి దించి మొహం ఎదురుగా పెట్టుకుని, "ఏంటే కక్కులమ్మా, అయిందా నీ గొడవ?" అన్నాను. నా కళ్ళలోకి చూసి, నోరంతా తెరిచి నవ్వింది. అక్కని లేపాను. అక్క వచ్చేసరికి మళ్ళీ నా మీద కక్కింది.

నీ బావమరిది


మార్చి 12

ఒరేయ్,

నవ్విందన్నమాట. నీకు.

అందరికీ చెప్పాను, నా కూతురు నవ్విందిరా అని. మేస్త్రీ "ఎవర్ని చూసి?" అన్నాడు. వాళ్ళమ్మని చూసి అని అబద్ధమాడాను. నీ పేరు చెప్పడానికి నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నావు కదా, నేనూ రాస్తున్నాను. నాకు నీ మీద కుళ్ళుగా ఉంది. అక్కడ అది ఏడుస్తోంది, ఇక్కడ నేను ఏడుస్తున్నాను. దాని ఏడుపు పాల వల్ల, నా ఏడుపు నీ వల్ల.

నేను దాన్ని ఎత్తుకున్నది మొత్తం నాలుగుసార్లు. ఒకసారి ఆసుపత్రిలో, నర్సు చేతికిచ్చినప్పుడు. రెండుసార్లు ఇంట్లో. చివరిసారి బస్సు ఎక్కేముందు, అప్పుడది నిద్రలో ఉంది. నాలుగుసార్లలో ఒక్కసారీ నన్ను చూడలేదు.

మీ అక్క ఉత్తరం కూడా వచ్చింది. ఐదు వాక్యాలు. అందులో మూడు తమ్ముడు అనే మాటతో మొదలయ్యాయి. తమ్ముడు లేకపోతే చచ్చిపోయేదాన్ని అని రాసింది. నేను లేకపోయినా తను బతికే ఉందని నాకు అర్థమైంది.

నవ్వినప్పుడు నీ భుజం మీద నా చొక్కా ఉందా? అది మాత్రం రాయి.

మంచం వద్దని నువ్వు రాసిన ఉత్తరం అందేసరికే మంచం వెళ్ళిపోయింది. పన్నెండు రాత్రులు చేశాను. అంచులు చేత్తోనే నునుపు చేశాను, ఎక్కడా పుల్ల గుచ్చుకోదు. డాక్టరమ్మ ఎవరో చెప్పిందని పక్కన పారెయ్యకండి. ఆవిడకి ఒకసారి చూపించండి.

బావ


మార్చి 22

బావకి,

చొక్కా ఉంది. నవ్వినప్పుడు కూడా.

మంచం చేరింది. నేనూ, మాస్టారూ కలిసి పైకి మోశాం. "ఎవడు చేశాడో గానీ అతుకు కనబడకుండా చేశాడు" అన్నాడాయన. నువ్వు చెప్పినట్టే డాక్టరమ్మకి కొలతలు చూపించాను. బాగా చేశాడు పాపం, అయినా వద్దు అంది. అక్క రోజంతా దాని అంచులు తడుముతూ కూర్చుంది. ఖాళీగా ఉంచితే చూసినప్పుడల్లా ఏడుస్తోందని నేనే నా కాలర్ల గుడ్డలు దాంట్లో సర్దుకున్నాను. ఏటవాలు కదా, తీసుకోవడానికి సులువుగా ఉంది.

బరువు సంగతి. రెండు వారాలుగా పెరగాల్సినంత పెరగలేదు. ఇంకో వారం చూసి, అప్పటికీ పెరగకపోతే ఆసుపత్రిలో ఉంచి చూద్దామంది డాక్టరమ్మ. ఆ వారం రాత్రీ పగలూ గంటన్నరకోసారి పాలు, అరగంట భుజం. కాలర్లు షాపుకి తిప్పి పంపేశాను. నిన్న తూకం వేశారు. పెరిగింది! అక్క అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది. డాక్టరమ్మ నన్ను చూసి, "తండ్రంటే ఇలా ఉండాలి" అంది. తండ్రి కాదండీ మామని అనేలోపు ఇంకో పిల్లాణ్ణి లోపలికి పిలిచేసింది.

నీకు చెప్పి నవ్విద్దామని రాశాను. కోపం తెచ్చుకోకు.

నీ బావమరిది


ఏప్రిల్ 2

శ్రీ బావమరిది గారికి,

మీ ఉత్తరం అందింది. నా కూతురి కోసం నేను పన్నెండు రాత్రులు చేసిన మంచంలో మీరు గుడ్డముక్కలు పెట్టుకున్నందుకు సంతోషం. నా కూతురికి తండ్రిగా మీకు డాక్టరుగారి దగ్గర మంచి పేరు వచ్చినందుకు మరీ సంతోషం. మామని అనడానికి ఎంత సేపు పడుతుందండీ? రెండక్షరాలు.

మీరు మా ఇంటికి వచ్చి చాలా రోజులైంది. మీ పని చెడింది, మీకు వచ్చే కాలర్లు కూడా తిప్పి పంపేశారు. ఇక మీ సేవలు చాలు. రాత్రికి ఒక ఆయాని కుదుర్చుకోమని మీ అక్కకి ఇదే లారీలో రాస్తున్నాను. ఆయా అయితే రాత్రి ఎత్తుకుని పొద్దున్నే ఇచ్చేసి వెళ్తుంది. తనదనుకోదు.

పిల్లల మీద అంత మమకారం ఉంటే పెళ్ళి చేసుకుని మీ పిల్లల్ని మీరు ఎత్తుకోండి.

ఇట్లు
పాప తండ్రి


ఏప్రిల్ 14

బావగారికి,

మీ ఉత్తరం ఏడో తారీకున అందింది. ఎనిమిదిన మిషను రిక్షాలో వేసుకుని షాపుకి వెళ్ళిపోయాను. అక్కడే వెనక గదిలో పడుకున్నాను. మీరు రాసినట్టే చేశాను. ఇక జరిగింది చెప్తాను.

ఆయా వచ్చింది. మంచిదే, కానీ అరగంట ఎత్తుకోమంటే పావుగంటకి కునికిపాట్లు పడుతుందట. మొదటి రాత్రి అక్కే లేచింది. రెండో రాత్రీ అక్కే. మూడో రోజు పొద్దున నేను కత్తిరింపు బల్ల దగ్గరున్నాను. షాపు తలుపు తోసుకుని అక్క వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, కాలికి రెండు రకాల చెప్పులు. పాపని నా భుజం మీద పెట్టింది.

"పట్టుకో. నేను రెండు గంటలు పడుకోవాలి" అంది.

అని, బల్ల కింద పేర్చిన బట్టల తానుల మీద పడి నిద్రపోయింది. పనివాళ్ళంతా మిషన్లు ఆపేశారు. మా ఓనరు లోపలి నుంచి వచ్చి, "ఇది బట్టల కొట్టా, పురిటి గదా?" అన్నాడు. తానుల మీద అక్కని చూసి, "ఫ్యాను ఇటు తిప్పండి" అని వెళ్ళిపోయాడు.

అక్క రెండు గంటలు కాదు, ఐదు గంటలు పడుకుంది. లేచాక నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను.

"ఆయన పొమ్మని రాస్తే నువ్వు పోయావు. నన్ను అడిగావా?"

"బావ ఇల్లు కదక్కా" అన్నాను.

"ఇల్లు ఆయనదా? పిల్ల ఎవరిదో మీరిద్దరూ తేల్చుకుంటున్నారా? కన్నది నేను. కోయించుకున్నది నేను. మీరిద్దరూ నెల్లాళ్ళుగా నువ్వా నేనా అని ఉత్తరాలు రాసుకుంటున్నారు. ఒక్కడైనా నువ్వెలా ఉన్నావే అని అడిగారా?"

నేను అడగలేదు. మీరు అడిగారేమో చూసుకోండి. ఆ సాయంత్రమే అక్కతో ఇంటికి తిరిగి వచ్చేశాను. మీకు కోపం వస్తే రానివ్వండి.

ఇంకొకటి రాయాలి. ఇది రాయకుండా ఉత్తరం మూసేద్దామని చాలాసేపు చూశాను.

మీ చొక్కా నేను ఒక్కసారి కూడా భుజం మీద వేసుకోలేదు. వచ్చిన రోజు విప్పి చూశాను. నిప్పురవ్వలు పడి చిల్లులు, ఇనుము వాసన, పొగ వాసన. చంటిపిల్లకి ఈ పొగ మంచిది కాదు అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న సాకు. మంచిది కాదనుకుంటే మీకు అదే రాసేవాణ్ణి కదా. అసలు భయం వేరు. అది మీ వాసనకి అలవాటు పడితే నా దగ్గర ఎందుకుంటుంది అనుకున్నాను. కవర్లో చుట్టి బీరువా అడుగున పెట్టాను. వేసుకున్నానని రెండుసార్లు అబద్ధం రాశాను. నాకు ఈ ముప్ఫై ఏళ్ళలో ఎవరూ నేను కావాలని ఏడవలేదు బావగారూ. మొదటిసారి ఒకరు ఏడిస్తే, పంచుకోబుద్ధి కాలేదు.

కుళ్ళు మీకొక్కరికే అనుకోకండి.

మీ బావమరిది


ఏప్రిల్ 24

ఒరేయ్,

మీరు గీరు మానెయ్. నేను మొదలుపెట్టాను, నేనే ఆపేస్తున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చొక్కా దగ్గరికి వచ్చేసరికి మూడుసార్లూ ఒళ్ళు మండింది. ఇంత పని చేస్తావా అని మొదటిసారి కాగితం నలిపేశాను కూడా. తర్వాత మళ్ళీ సాపు చేసుకున్నాను. ఎందుకో చెప్తాను. నువ్వు రాసినంత నిజం నేను రాయలేదు.

మార్చిలో నాకు పది రోజులు సెలవిస్తామన్నారు. వదలరు అని ముందు రాసింది నిజమే, కానీ నెల మధ్యలో కొత్త వెల్డర్లు ఇద్దరు వచ్చారు. వెళ్ళిరావయ్యా అన్నాడు మేస్త్రీ. నేను వద్దన్నాను. పని ఉందన్నాను. పని కాదు. నేను గుమ్మంలోకి వస్తాను, ఎత్తుకుంటాను, అది ఏడుస్తుంది, నువ్వు అందుకుంటావు, అది ఊరుకుంటుంది. మీ అక్క చూస్తుండగా. అది తలుచుకుని రాలేదు. మంచం పంపితే చాల్లే అనుకున్నాను. మీ అక్క రెండు రకాల చెప్పులేసుకుని నీ షాపుకి నడిచి వచ్చిందంటే, అందులో ఆ పది రోజులూ ఉన్నాయి. ఈ మాట ఆవిడకి నువ్వు చెప్పకు. నేనే చెప్పుకోవాలి.

ఎలా ఉన్నావని అడుగుతూ ఆవిడకి వేరే ఉత్తరం రాశాను. సిగ్గుతోనే రాశాను.

పై నెల ఐదున వస్తున్నాను. పైపు పని అయిపోయింది, రెండు నెలలు ఇంట్లోనే ఉంటాను. నిన్ను ఒకటి అడగాలి. అడగడానికి మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను. నేను వచ్చేసరికి నువ్వు ఇంట్లో ఉండకు. కోపంతో కాదురా. నువ్వు ఎదురుగా ఉంటే అది నీ దగ్గరికే వస్తుంది. నాకు ఒక్క అవకాశం కావాలి.

బావ


మే 3

బావకి,

సరే. ఈ ఉత్తరం నీకోసం ఇంట్లోనే పెట్టి, రేపు సాయంత్రం షాపుకి వెళ్తాను. అక్క ఒప్పుకుంది. "పోనీ, ఆయన్నీ ఒక నెల మేలుకోనీ" అంది.

దాన్ని ఎలా ఎత్తుకోవాలో, ఎలా ఊరుకుంటుందో రాసిపెట్టమని అక్క చెప్పింది. రాయలేదు. రాద్దామని కూర్చున్నాను, కలం పక్కన పెట్టేశాను. మూడు నెలలు పట్టింది నాకు అవన్నీ తెలుసుకోవడానికి. నువ్వు బస్సు దిగి, కాగితం చదివి, తండ్రివైపోతావా?

కావాలంటే నువ్వే అడుగు.

బావమరిది


మే 15

ఒరేయ్,

పది రాత్రులైంది. ఫోనులో నోటితో అడగలేక కాగితం మీద అడుగుతున్నాను.

గుమ్మంలోకి రాగానే నన్ను చూసింది. మేస్త్రీ చెప్పిన పోలీసు చూపే. చేతుల్లోకి తీసుకున్నాను, ఏడుపు లంకించుకుంది. పగలు కాస్త దారికొచ్చింది, మీ అక్క పక్కన కూర్చుంటే నా వేలు పట్టుకుంటుంది. రాత్రే నరకం. ఊపాను. ఎగరేశాను, నా మీదే పాలు తిరిగొచ్చాయి. పాట పాడితే ఇంకా పెద్దగా ఏడ్చింది. నువ్వు రాసిన మెట్లు గుర్తొచ్చి దిగాను, ఇరవయ్యో మెట్టు దగ్గర మాస్టారు తలుపు తీశాడు. "కొత్తవాడివా?" అన్నాడు. ఆ మాటకి మెట్ల మీద కూర్చుండిపోయానురా.

మీ అక్కకి మార్చి సంగతి చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఇప్పుడైనా వచ్చావు కదా, లేచి ఎత్తుకో" అంది. మొదటి రాత్రి నుంచీ తను పక్క గదిలో తలుపేసుకుని పడుకుంటోంది. పాలు పట్టి నా చేతికిస్తుంది, అంతే. ఎలా ఊరుకోబెట్టాలే అని అడిగితే, "నన్ను కాదు అడగాల్సింది" అంది.

ఇరవై ఏళ్ళుగా ఇనుముని ఇనుముతో అతుకుతున్నాను. వెంట్రుకవాసి తేడా వస్తే చెయ్యి చెప్పేస్తుంది. ఆరు కిలోల పిల్లని ఎలా పట్టుకోవాలో చేతికి తెలియడం లేదు.

ఎలా పట్టుకునేవాడివిరా?

బావ


మే 18

బావకి,

నీ ఉత్తరం చూసి ముందు నవ్వొచ్చింది. దాచను. పది రాత్రులూ అది నీ దగ్గర ఊరుకోలేదని చదివి కడుపు చల్లబడింది. ఆ తర్వాత, అన్ని రాత్రులు అది ఏడ్చిందని అర్థమైంది. అప్పుడు కూర్చుని రాస్తున్నాను.

కుడి భుజం. ఎడమ మీద ఉండదు. పొట్ట నీ భుజం ఎముకకి ఆననియ్యకు, ఇంకొంచెం పైకి జరుపు, దాని చంక నీ భుజం మీదికి రావాలి. ఒక చెయ్యి పిర్రల కింద, ఒక చెయ్యి వీపు మీద. వీపు తట్టకు, కింది నుంచి పైకి నిమురు, నెమ్మదిగా, మడత సాపు చేసినట్టు. మొదటి తేన్పు వచ్చాక అందరూ మోసపోతారు. పడుకోబెట్టకు. రెండోది రావాలి, అది లోతుగా వస్తుంది, వచ్చాక ఒళ్ళు బరువెక్కుతుంది. నీకే తెలుస్తుంది.

ఎగరెయ్యకు. మెట్లు దిగేటప్పుడు ముందు మడమ ఆనించు. పాట వద్దు. చెవి దగ్గర ఊఁ అంటూ ఉండు, పెదాలు మూసుకుని. అది కాసేపటికి నీ మెడ మీద ముక్కు రుద్దుతుంది. రుద్దితే అయిపోయినట్టే. అరగంట నిండాక వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి వెంటనే తియ్యకుండా ఛాతీ మీద కాసేపు ఉంచు.

ఇంతే. ఇంకేం మిగల్చలేదు నా దగ్గర.

బావమరిది


మే 30

ఒరేయ్ బావమరిదీ,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. కుడి భుజం, చంక, మడత సాపు చేసినట్టు, ఊఁ అనడం, అన్నీ. ఒక్కటీ పని చెయ్యలేదు.

వీడు కావాలనే తప్పు రాశాడా అని ఒక పూటంతా నిన్ను అనుమానించాను. మీ అక్కతో అన్నాను కూడా. "వాడు అలాగే ఎత్తుకునేవాడు, నేను చూశాను. నువ్వు వాడివి కాదు, అంతే" అంది.

ఆ రాత్రి ఓపిక అయిపోయింది. దాన్ని తీసుకుని వంటగదిలో నేల మీద గోడకి చేరగిలబడ్డాను. అది చేతుల్లో ఇటు తిరిగి అటు తిరిగి, చివరికి వీపు నా ఛాతీకి ఆనించి, మొహం బయటికి పెట్టుకుని నిటారుగా కూర్చుంది. తల ఇప్పుడు బాగా నిలుపుతోంది కదా. నాకేం చెయ్యాలో తెలియక, పైపు ఎలా అతుకుతారో చెప్పడం మొదలుపెట్టాను. ముందు అంచులు ఆకురాయితో రుద్దాలమ్మా, తర్వాత రెండిటి మధ్యా సందు సరిచూడాలి, మొదటి వరస ఇనుము కరిగించి సన్నగా పొయ్యాలి, తొందరపడితే లోపల గాలి ఉండిపోతుంది అని. గాలి అన్నానో లేదో పెద్ద తేన్పు వచ్చింది. తర్వాత ఇంకోటి. రెండో వరస గురించి చెప్తుండగా తల నా మోచేతి మీదికి వాలిపోయింది. అరగంట అలాగే కూర్చుని, తర్వాత నువ్వు చెప్పినట్టు వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మీద చెయ్యి ఉంచాను. అదొక్కటి పని చేసింది, నీకు అన్యాయం చెయ్యను.

అది జరిగి ఐదు రాత్రులైంది. ఇప్పుడు రాత్రికి రెండుసార్లే లేస్తోంది. కక్కడం తగ్గింది. ఆ తలుపు బిగుస్తోందని డాక్టరమ్మ అంది. నన్ను చూసి, "మీరెవరు?" అని అడిగింది. చెప్పాను. నీ సంగతి కూడా చెప్పాను, వాడు మామ అని, మూడు నెలలు మోసింది వాడే అని.

ఇప్పుడు రాయబోయేది మీ అక్కకి కూడా చెప్పలేదు. నేను గమనించి మూడు రోజులైంది. నా దగ్గర ఎంత హాయిగా ఉన్నా, తలుపు చప్పుడైతే చాలు, తలెత్తి చూస్తుంది. పాలవాడొస్తే చూస్తుంది. మాస్టారొస్తే చూస్తుంది. చూసి, కాదని తెలుసుకుని, మళ్ళీ నా మీద తల వాలుస్తుంది. ఎవరి కోసమో నాకు తెలుసు. నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్తే గెలిచానని ఎగురుతావు. చెప్పకపోతే నువ్వు బీరువాలో చొక్కా దాచినట్టే నేనూ ఇది దాచినట్టవుతుంది. అందుకని రాస్తున్నాను.

ఆదివారం రా. మీ అక్క కూడా నిన్ను చూసి చాలా రోజులైందంటోంది. వచ్చి ఎత్తుకో. అది నిన్ను చూసి నవ్వితే నవ్వనీ, నేను పక్కనే ఉండి చూస్తాను, చూడగలననే అనుకుంటున్నాను. ఒక గంట నీ దగ్గర ఉంచుకో. గంటే. నేను గడియారం చూస్తుంటాను. గంట కాగానే నా కూతుర్ని నాకిచ్చెయ్యాలి.

మీ బావ